జర్కు జన్మస్థల పరిరక్షణ సమితి

ప్రపంచానికి సున్నాను ఇచ్చింది భారతదేశం. జర్కును ఇచ్చింది ఎల్లారెడ్డి!

ఈ మాట నాది కాదు. పన్నెండడుగుల ఫ్లెక్సీ మీద దీన్ని ఎర్రటి అక్షరాల్లో ప్రింటు కొట్టింది నేనే గాని, అన్నది చక్రధర్ సారు. నా పేరు మల్లేష్. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర నాకు ఫ్లెక్సీల షాపు ఉంది. పుట్టినరోజులు, పదవులు, పెళ్లిళ్లు, సంతాపాలు, మనిషి జన్మలో జరిగే ముఖ్యమైనవన్నీ నా మిషన్‌లోంచే బయటికొస్తాయి. ఎవరి మొహం పక్కన ఎవరి మొహం వేస్తే మరునాడు నా షాపు అద్దాలు పగులుతాయో నాకు బాగా తెలుసు. ఇంతకన్నా పెద్ద చదువు నేను చదువుకోలేదు.

చక్రధర్ సారు మాత్రం చదువుకున్నారు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఇంగ్లీషు రానివాళ్లతో ఆయన ఇంగ్లీషులోనే మాట్లాడతారు. ఇంగ్లీషు వచ్చినవాళ్లెవరైనా ఎదురుపడితే మాత్రం మాతృభాష మీద మమకారం పొంగుకొచ్చి తెలుగులోకి దిగిపోతారు. అదీ అచ్చమైన పుస్తకాల తెలుగు. ఇంటి దగ్గర పాలేరును తిట్టేటప్పుడు తప్ప మా ఊరి మాట ఆయన నోట విన్నవాళ్లు లేరు.

ఇక గుంత సంగతి. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి పోయే రోడ్డు మీద తుమ్మల మోరీ అని ఒక పాత కల్వర్టు ఉంది. అది దాటగానే ఒక గుంత. గుంత అంటే దాని గౌరవానికి తక్కువే! వానాకాలంలో అందులో బర్రెలు దిగి, మెడదాకా మునిగి, బస్సులు హారన్ కొట్టినా లేచేవి కావు. మోరీ కనిపించగానే బస్సులో ఉన్నవాళ్లంతా పై కమ్మీ పట్టుకుంటారు. పట్టుకోకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నవాడు మా ప్రాంతానికి కొత్త అని లెక్క. గుంత దాటాక వాడూ మావాడైపోతాడు.

నాకు ఆ గుంతతో నవ్వులాట లేదు. మా అవ్వ నాగవ్వకు రెండు కిడ్నీలూ పోయాయి. బీడీలు చుట్టి నన్ను పెంచిన మనిషి. వారంలో మూడు రోజులు కామారెడ్డి ఆస్పత్రిలో డయాలసిస్. సూదులు తీశాక ఎడమచేతికి దూది పెట్టి గట్టిగా కట్టు కడతారు. ఆ చేయి కదలకుండా ఇంటికి తీసుకురావాలి. ఆస్పత్రి నుంచి మోరీ దాకా ఆ కట్టు తెల్లగానే ఉంటుంది. మోరీ దాటాక ఎర్రగా అవుతుంది. మా అవ్వ కుడిచేత్తో దాన్ని గట్టిగా అదిమి పట్టుకుని ఇల్లు వచ్చేదాకా కళ్లు మూసుకుంటుంది.

అందుకే మండలాఫీసులో ఫిర్యాదుల రోజు పెట్టినప్పుడు నేను, మా అవ్వను ఆటోలో తిప్పే లింబాద్రి, ఇంకా నలుగురం కలిసి పోయాం. అధికారులు వరసగా కూర్చున్నారు. రోడ్లు చూసే ఇంజనీరు అరుణ్‌కుమార్ ఉన్నాడు. ఆయనది ఏ ఆఫీసో రాయవద్దని బతిమాలాడు కాబట్టి రాయడం లేదు. పుర ప్రముఖుల కుర్చీలో చక్రధర్ సారు ఉన్నారు. ఆ కుర్చీ ఏ మీటింగులోనైనా ఆయనదే.

లింబాద్రి లేచి మొదలుపెట్టాడు. "సారూ, గా తుమ్మల మోరీ కాడ మస్తు జర్కు కొడుతంది. నా బండి షాకులు ఖతమైనయి. గీ మల్లేషన్న వాళ్లవ్వకు చెయ్యెంబడి నెత్తురు గారుతంది. జర గా గుంత పూడ్సుండ్రి."

అరుణ్‌కుమార్ కాయితం తిరగేశాడు. గుంతల సంగతి ఎత్తినప్పుడల్లా ఆయన కాయితాలు తిరగేస్తాడు. అంతలో చక్రధర్ సారు చెయ్యెత్తారు.

"జర్క్ అన్నావు. ఆ పదానికి అర్థం తెలుసా?"

"తెల్వకేంది సారూ! రోజూ నడుములు ఇరుగుతున్నయి గద!"

"అది అనుభవం. నేను అడిగింది అర్థం," అన్నారు సారు జాలిగా.

అంతే. గుంత అక్కడితో పూడిపోయింది, మాట మొదలైంది! సారు ఫోనులో డిక్షనరీ తెరిచి, సభను పాఠంలో పెట్టారు. జర్కు అంటే నాలుగు వందల ఏళ్ల కిందట, మొట్టమొదట, కొరడా దెబ్బ అట. ఆ తర్వాత ఒక్కసారిగా పట్టి లాగడం. ఆ తర్వాత మనందరికీ తెలిసిన కుదుపు. బరువులెత్తే పోటీల్లో, భుజాల దాకా వచ్చిన బరువును ఒక్క ఊపున తల మీదికి లేపితే అదీ జర్కే. ఇక ఫిజిక్సువాళ్లు వేగం పెరిగే తీరులో వచ్చే మార్పును లెక్కగట్టి దానికీ ఈ పేరే పెట్టుకున్నారట. అమెరికావాళ్లు ఒక రకం మనిషిని కూడా జర్కు అంటారని చదవబోయి, సారు ఎందుకో గొంతు సవరించుకుని ఆ అర్థం మన సంస్కృతికి తగదని దాటేశారు. వెనక నుంచి ఎవరో జర్కీ అంటే ఎండబెట్టిన మాంసం కదా, మన ఒరుగుల వంటిది, అన్నారు. "అది వేరే తల్లి బిడ్డ. దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. దీనికీ దానికీ చుట్టరికం లేదు," అన్నారు సారు. తహసీల్దారు గారు అర్థమైనట్టు తల ఊపి టీ తెప్పించారు.

"మరి ఈ మాట ఎక్కడ పుట్టింది సార్?" అని అడిగాడు అరుణ్‌కుమార్. గుంత ప్రస్తావన మళ్లీ రాకుండా ఉంటే చాలని ఆయన బాధ.

సారు ఫోను దగ్గరగా పెట్టుకుని చూశారు. "పుట్టుక కచ్చితంగా తెలియదు అని ఉంది. చప్పుడును బట్టి పుట్టి ఉండవచ్చునట. ఉండవచ్చును అంతే."

"అంటే... లావారిస్ మాటనా సార్?" అన్నాడు అరుణ్‌కుమార్.

సభంతా కుర్చీల్లో ముందుకు జరిగింది. లావారిస్ అన్నది చెవిన పడితే మా వైపు ఎవరూ కుర్చీలో నిమ్మళంగా కూర్చోలేరు! చెరువు శిఖమైనా, సర్కారు బంజరైనా, వారసుడు లేడని తెలిసిన రోజే హద్దుకు నాలుగు రాతి కడీలు పాతెయ్యాలి. కాయితాలు తర్వాత చూసుకోవచ్చు. ఇన్ని వందల ఏళ్లుగా ఒక మంచి ఇంగ్లీషు మాట దిక్కులేకుండా పడి ఉంటే ఇంగ్లండువాళ్లు కడీ పాతలేదంటే అది వాళ్ల చేతకానితనం. మనం ఊరుకుంటామా!

చక్రధర్ సారు కళ్లు మూసుకుని, తెరిచారు. "మొదటి అర్థం కొరడా దెబ్బ. కొరడా ఎక్కడ ఉంటుంది? బండివాడి చేతిలో. ఎడ్లబండి ఎక్కడ కుదుపుతుంది? గుంతలో. గుంత ఎక్కడ ఉంది?"

"తుమ్మల మోరీ కాడ!" అన్నారు అందరూ. లింబాద్రి కూడా అన్నాడు, పాపం, గుంత సంగతి మళ్లీ వచ్చిందన్న సంతోషంతో.

ఆ సాయంత్రానికి చరిత్ర తయారైంది. నిజాం కాలంలో ఒక ఇంగ్లీషు దొర కామారెడ్డిలో రైలు దిగి ఎడ్లబండిలో ఎల్లారెడ్డికి వస్తున్నాడు. మోరీ దగ్గర బండి గుంతలో పడింది. బండివాడు కొరడా ఝళిపించాడు. దొర తల బండి గూడుకు కొట్టుకుంది. ఆ బాధలో దొర నోటి నుంచి వెలువడిన మహత్తర శబ్దమే జర్కు! దొర దాన్ని తన దేశానికి పట్టుకుపోయాడు. మనవాళ్లు ఒక్క మాట అడగకుండా పట్టుకుపోనిచ్చారు.

నాకొక చిన్న అనుమానం వచ్చింది. "సార్, ఆ మాట నాలుగు వందల ఏళ్ల నుంచి ఉందని డిక్షనరీలో మీరే చదివారు. మరి రైలు అప్పటికి..."

"పరిశోధనలో తేదీలు ముఖ్యం కాదు మల్లేష్. దృక్పథం ముఖ్యం."

అలా పుట్టింది జర్కు జన్మస్థల పరిరక్షణ సమితి. అధ్యక్షులు చక్రధర్ సారు. సాంకేతిక సలహాదారు అరుణ్‌కుమార్. నన్ను ప్రచార కార్యదర్శిని చేశారు, అంటే ఫ్లెక్సీలు ఊరికే వస్తాయని అర్థం. సమితిలో ఉంటే గుంత గురించి లోపలి నుంచి కొట్లాడొచ్చని నేనూ తల ఊపాను. అరుణ్‌కుమార్ ఆ రాత్రే ఉత్తర్వు రాశాడు. "సదరు మాట పుట్టిన చోటు ఎక్కడ అని తేలునో అక్కడి గుంతను యథాతథ స్థితిలో ఉంచవలెను. పూడ్చబడి ఉన్నచో తవ్వించి పూర్వస్థితికి తేవలెను." నిన్నటిదాకా పూడ్చకపోవడం నిర్లక్ష్యం. తెల్లారేసరికి అది పరిరక్షణ! ఆయన మొహం అంత ప్రశాంతంగా నేనెప్పుడూ చూడలేదు.

గుంత చుట్టూ సున్నంతో గీత గీశారు. రెండు వైపులా బోర్డులు పాతారు. మద్నూరు వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవరొకడు, మంచి మనసున్నవాడు, బండి ఆపి నాలుగు తట్టల మొరం గుంతలో పోసి పోయాడు. మరునాడు అరుణ్‌కుమార్ పంచనామా జరిపించి, కూలీలను పెట్టి, ఆ మొరాన్ని చిన్నచిన్న రాళ్లతో సహా ఏరించాడు. అడుగున పాత లోతు వచ్చిందో లేదో టేపు పెట్టి చూసుకున్నాడు. గుంతను పూడ్చమంటే దొరకని కూలీలు తవ్వమంటే ఎలా దొరికారో నాకిప్పటికీ తెలియదు.

కామారెడ్డివాళ్లు ఊరుకుంటారా? దొర రైలు దిగింది మా దగ్గర, బండి ఎక్కింది మా దగ్గర, కాబట్టి మాట మాదే అని వాళ్లొక మీటింగు పెట్టారు. రెండూళ్ల పెద్దమనుషులు ఒక హోటల్లో కూర్చుని బిర్యానీ తింటూ రాజీకొచ్చారు. మాట పుట్టింది ఎల్లారెడ్డి దిక్కున, తొట్టెలలో వేసింది కామారెడ్డిలో. రెండు చోట్లా ఏటా ఉత్సవం జరపాలి. బిర్యానీ ఫోటో నేనే ఫ్లెక్సీ కొట్టాను.

ఇదంతా జరుగుతుండగా మా అవ్వ చేతి కట్టు ఎర్రబడుతూనే ఉంది. ఒకరోజు ఇంటికొచ్చాక మంచంలో కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"కొడుకా, ఇగ నేను రాను."

"ఎక్కడికి రావవ్వా?"

"గా మిషన్ కాడికి. సూదులు గుచ్చితె ఓర్సుకుంట. నాలుగు గంటలు మంచంల పండవెడితె ఓర్సుకుంట. గా గుంత తోని నాతోని గాదు బిడ్డా. మోరీ కండ్లవడంగనే గుండె దడదడ అంటది. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. ఎన్నడో ఒకనాడు గా కట్టు ఊడి నెత్తురంత ఆటోలనే పోతది. గంత కంటె ఇంట్ల సస్తె నయ్యం గద."

"గట్ల అనకు అవ్వా. పోకపోతె ఏమైతదో నీకు డాక్టరు చెప్పలేదా?"

"చెప్పిండు. నాకెర్కనే."

అంత మామూలుగా చెప్పింది ఆ మాట. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. చెప్పులేసుకుని నేరుగా చక్రధర్ సారు ఇంటికి పోయాను.

సారు వరండాలో ఉత్సవ ఆహ్వానపత్రం దిద్దుతున్నారు. నేను చెప్పిందంతా విన్నారు. వినడంలో ఆయనకు లోటు లేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు కూడా.

"మల్లేష్, నీ బాధ నాకు అర్థమవుతున్నది. కాని ఒక్కసారి చారిత్రకంగా ఆలోచించు. ఎక్కడెక్కడి పండితులో ఒక్కసారి చూస్తే చాలనుకునే చోటును మీ అమ్మగారు వారానికి ఆరుసార్లు దర్శిస్తున్నారు. ఆ కుదుపులో ఆ దొర పొందిన అనుభూతిని..."

"సార్, దొర తలకు దెబ్బ తగిలింది. మా అవ్వకు ప్రాణం పోతది."

"చరిత్ర కోసం అందరం కష్టపడవలసిందే. నేను మాత్రం పడటం లేదా? వారం వారం కామారెడ్డికి నేనూ పోతున్నాను కదా ఆ దారినే!"

నిజమే, పాపం డెబ్బై ఏళ్ల మనిషి, నడుము నొప్పి ఉన్న మనిషి, అనుకుంటూ వెనక్కి వచ్చేశాను. అరుణ్‌కుమార్‌ను అడిగితే, "నేను పూడ్సిననుకో మల్లేషూ, రేపు నా మీదనే ఎంక్వైరీ పడతది. ఉత్తర్వు రాసింది నేనే గద," అన్నాడు.

ఆ వారం అవ్వ నిజంగానే ఒక పూట పోలేదు. రెండో రోజుకు కాళ్లు ఉబ్బాయి. మొహం ఉబ్బింది. రాత్రంతా దిండుకు ఆనుకుని కూర్చుని ఎగపోసింది. పొద్దున్నే లింబాద్రి ఆటో తెచ్చి, ఆమె కాళ్లు చూసి వెనక సీటు మీద దుప్పటి పరిచాడు. ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. ఊరు దాటాక లింబాద్రి వెనక్కి తిరిగాడు.

"మల్లేషన్నా, ఇంకో తొవ్వ ఉన్నది. పెద్దమ్మకు గుంత తగలకుంట పోవచ్చు."

"ఏ తొవ్వ?"

"చక్రధర్ సారు మామిడితోటల కొత్తగ సీసీ రోడ్డు ఏసిండ్రు. మోరీకి ముందల లోపటికి పోయి, మోరీ దాటినంక బయటికి ఎల్తది. సారు కారు గా తోటలకెల్లే పోతది. నీకు తెల్వదా?"

నాకు తెలియదు! ఆటో తోట వైపు తిప్పించాను. నిజమే. నల్లటి ఇనుప గేటు, దాని వెనక తెల్లగా, వెడల్పుగా, ఒక్క గీతలా సాగిన సిమెంటు రోడ్డు. మధ్యలో గుంత కాదు కదా, చీమ తట్టుకునేంత ఎగుడుదిగుడు లేదు. గేటు మీద చిన్న బోర్డు. "జర్కు జన్మస్థల పరిరక్షణ సమితి వారి నిధులతో నిర్మించిన సందర్శకుల మార్గం." ఆ సమితికి ప్రచార కార్యదర్శిని నేను. ఈ ఒక్కదాన్ని మాత్రం ప్రచారం చెయ్యమని నాకు చెప్పలేదు!

కాపలా ఉన్న ఆశన్న గేటు తియ్యలేదు. "తప్పనుకోకు మల్లేషూ. సారు కారు తప్ప ఇంకో బండి పోవద్దన్నడు. రోడ్డు ఖరాబైతదట."

"అవ్వను చూడన్నా ఎట్లున్నదో!"

"చూస్తున్న. నా నౌకరి పోతది."

ఆయన నిజంగానే చూశాడు. తల వంచుకున్నాడు. గేటు మాత్రం తియ్యలేదు. మేము వెనక్కి మళ్లి, మోరీ మీదుగానే పోయాం. లింబాద్రి ఆటోను ఎంత నెమ్మదిగా దించినా గుంత తన పని తను చేసింది. అవ్వ నా భుజం పట్టుకుని "అయ్యో నా తల్లీ" అంది, అంతే. ఆ రోజు నేను చరిత్ర పరిశోధకుణ్ణి అయ్యాను.

శిలాఫలకం ఆవిష్కరణ రోజు వచ్చింది. గుంత పక్కన షామియానా వేశారు. పట్నం నుంచి ప్రత్యేకాధికారి వినీత మేడం వచ్చారు. గద్దె కట్టడానికి కంకర, సిమెంటు, రాయి నిలబెట్టడానికి జేసీబీ, అన్నీ సిద్ధం. కామారెడ్డి పెద్దమనుషులూ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మేడం ఇంగ్లీషు బాగా మాట్లాడతారని తెలిసి చక్రధర్ సారు స్వాగతోపన్యాసం అచ్చతెలుగులో చేశారు. ఆవిష్కరణకు ముందు సమితి నివేదిక చదవడం ప్రచార కార్యదర్శి పని. నివేదికలు ఎవరూ వినరు కాబట్టి నాకు వదిలేశారు.

నేను మైకు పట్టుకున్నాను. వెనక కప్పి ఉంచిన పెద్ద ఫ్లెక్సీ మీది గుడ్డ లాగేశాను. దాని మీద చక్రధర్ సారు మొహం, నేను జీవితంలో వేసిన అన్ని మొహాల కన్నా పెద్దది. కింద పచ్చటి అక్షరాలు. "తన తోటలో జర్కుకు జన్మనిచ్చిన మహనీయుడు!"

సారు మొదట నవ్వారు. మొహం సైజు చూసి. తర్వాత అక్షరాలు చదివారు.

"సభకు నమస్కారం. సమితి తాజా పరిశోధనలో తేలిన విషయం మనవి చేస్తున్నాను. ఈ మోరీ తర్వాతి కాలంలో కట్టింది. దొర వచ్చినప్పుడు ఇక్కడ దారే లేదు. నాటి బండ్లబాట వాగు దాటి మన అధ్యక్షుల మామిడితోటలోంచి పోయేది. దొర తల కొట్టుకున్నది ఇక్కడ కాదు, అక్కడ! మరి ఆ గుంత ఏదీ అని మీరడగవచ్చు. దాని మీద ఎవరో సిమెంటు పోసి రోడ్డు వేశారు. చరిత్రను పూడ్చిపెట్టారు! దాన్ని వెలికి తియ్యవలసిందిగా కోరుతున్నాను."

రుజువులా? సారు నేర్పిన పద్ధతిలోనే చేశాను, రుజువులతో నాకేం పని? జనం చప్పట్లు కొట్టారు. కామారెడ్డివాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు. లింబాద్రి ఈల వేశాడు.

వినీత మేడం నవ్వలేదు. ఇంజనీరు వైపు తిరిగారు. "దీనికి నిబంధన ఏమైనా ఉందా?"

అరుణ్‌కుమార్ లేచి నిలబడ్డాడు. ఉత్తర్వు ఆయన జేబులోనే ఉంది, ఎప్పుడూ ఉంటుంది. తీసి చదివాడు. పూడ్చబడి ఉన్నచో తవ్వించి పూర్వస్థితికి తేవలెను.

"అయితే ఆలస్యం ఎందుకు? జేసీబీ ఉందిగా. తోట గేటు తీసేయించి రోడ్డు తవ్వించండి. ఎడ్లబండి పడేంత లోతు ఉండాలి," అన్నారు మేడం.

జేసీబీ స్టార్టయింది. డ్రైవరుకు ఉత్సాహం ఎక్కువ, అప్పుడే తోట వైపు తిప్పేశాడు. చక్రధర్ సారు కుర్చీలోంచి లేచారు. నా చేతిలోంచి మైకు గుంజుకున్నారు. అప్పుడు, ఎల్లారెడ్డి, కామారెడ్డి రెండూళ్లూ వింటుండగా, పాలేరు ఒక్కడికే తెలిసిన భాష ఆయన నోటి నుంచి బయటికొచ్చింది.

"ఏయ్, ఆగుండ్రి! ఆపుండ్రిరా బై గా బండిని! ఎవడు చెప్పిండు జర్కు మాదని? గది ఇంగ్లీషోల్ల మాట. వాండ్ల మాట యాడ పుట్టిందో వాండ్లకే తెల్వదు, మాకెట్ల ఎర్కైతది? డిక్షనరీల తెల్వదు అని రాసిండ్రంటె తెల్వదనే! దానికి మల్ల పరిశోధన ఏందిరా? ఏ దొర రాలే, ఏ బండి పడలే!"

"మరి ఈ గుంత?" అని అడిగారు మేడం.

"గుంత గుంతనే మేడం! ఉత్త గుంత. రోడ్డు మీద గుంత పడితె పూడ్సాలె గని, దానికి చరిత్ర ఏంది, పీనుగ ఏంది!"

"మీరు సమితి అధ్యక్షులుగా చెబుతున్నారా?"

"సమితి లేదు, గిమితి లేదు. ఇప్పుడే రద్దు చేస్తున్న!"

మేడం ఇంజనీరు వైపు మళ్లీ చూశారు. ఇంకో మాట అవసరం రాలేదు. గద్దె కోసం తెచ్చిన కంకర, సిమెంటు అక్కడే ఉన్నాయి. జేసీబీ అక్కడే ఉంది. ఇన్నాళ్లూ నిధులు లేక, ఆ తర్వాత చరిత్ర ఉండి పూడని గుంత, మేము టిఫిన్ పొట్లాలు తినేలోగా పూడిపోయింది. శిలాఫలకం మంచి రాయి, పారెయ్యడం ఎందుకని బోర్లా తిప్పి మోరీ అంచున పరిచారు. ఇప్పుడు దాని మీద జనం కూర్చుని బస్సు కోసం చూస్తున్నారు.

నేను ఆ రోజు ఇంటికి పోయి మా అవ్వకు జరిగిందంతా చెప్పాను. ఆమె ముందు నమ్మలేదు. "సారు గట్ల అన్నడా? గంత చదువుకున్నాయన?" అని అడిగింది. తర్వాత, "సరే తియ్యి, పోదాం" అంది. నాకు అది చాలు.

కథ ఇక్కడితో అయిపోయిందని అనుకున్నాను. మీరూ అనుకుని ఉంటారు. చక్రధర్ సారు గురించి మనకెవరికీ సరిగ్గా తెలియదు!

పది రోజులు గడిచాయి. సారు నా షాపుకు వచ్చారు. మళ్లీ పుస్తకాల తెలుగులోకి వచ్చేశారు, మొహంలో ఏ కుదుపూ లేదు. కొత్త ఫ్లెక్సీ కావాలట. రాసి తెచ్చారు. "తుమ్మల మోరీ గుంతను పూడ్పించి వేలాది ప్రయాణికుల ప్రాణములు కాపాడిన ప్రజాబంధువు శ్రీ చక్రధర్ గారికి పౌర సన్మానం."

"మొహం పోయినసారి సైజే ఉండనీ మల్లేష్. ఆ సైజు బాగుంది."

కొట్టాను. షాపు పెట్టుకున్నవాణ్ణి, సైజు చెబితే ఎవరి మొహమైనా కొడతాను. అయితే సారు ఇంకా పోలేదు. గొంతు తగ్గించారు.

"ఇంకొక చిన్న మాట. శాలువా మీ అమ్మగారి చేత కప్పిస్తే బాగుంటుంది. గుంత వల్ల బాధపడ్డ తల్లి, గుంతను పూడ్పించినవానికి శాలువా కప్పుతున్నది. పేపర్లో ఫోటో వస్తుంది. మోరీ దగ్గరే స్టేజి. శుక్రవారం పొద్దున."

"శుక్రవారం అవ్వకు డయాలసిస్ సార్. ఆ టైము తప్పితే ఆ రోజుకు మిషన్ దొరకదు."

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఒక్కరోజు పోకపోతే ఏమవుతుంది మల్లేష్? ఆమె ప్రాణం కాపాడినందుకే కదా ఈ సభ!"

ఆ మాట ఇంటికి మోసుకుపోయి అవ్వకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె బీడీ ఆకు కత్తిరిస్తున్న కత్తెర ఆపి, కోపం లేకుండా అంది.

"శాలువ కుర్సీకి కప్పుమను కొడుకా. సారు ఉన్నా కుర్సీనే, లేకున్నా కుర్సీనే."

శుక్రవారం పొద్దున లింబాద్రి ఆటోలో బయల్దేరాం. మోరీ దగ్గర షామియానా, కుర్చీలు, మెడ దాకా పూలదండలతో చక్రధర్ సారు, వెనక నేను కొట్టిన ఫ్లెక్సీ. దూరం నుంచే ఆటోను గుర్తుపట్టి సారు మైకులోకి వచ్చేశారు. "అదిగో, మన నాగవ్వ గారు స్వయంగా విచ్చేస్తున్నారు! చప్పట్లతో ఆహ్వానించండి!" జనం లేచి చప్పట్లు కొట్టారు. ఒకాయన శాలువా విప్పి పట్టుకుని రోడ్డు అంచుకు వచ్చాడు. ఎవరో మా అవ్వ కోసం కుర్చీ కూడా తెచ్చి వేశారు.

అవ్వ నా భుజం మీద తల పెట్టి నిద్రపోతోంది. ఎడమచేయి ఒళ్లో కదలకుండా ఉంది. మైకులో "ఆపండి, ఆపండి, ఆటో ఆపండి" అని సారు గొంతు వినిపిస్తూనే ఉంది.

లింబాద్రి ఆపలేదు. ఆగడానికి అక్కడ గుంత లేదు.